నాలుగూళ్లకు పంచిన పాట

మా ముత్తాత మూడూళ్లకు మునసబు. మా తాత సంఘపెద్ద. నంద్యాల చర్చిలో ముందు బెంచీ మాదని ఎవరూ రాసివ్వలేదు గాని, అందులో వేరేవాళ్లు కూర్చునేవాళ్లు కాదు. అంతటి ఇంట పుట్టిన నేను మొన్న ఆళ్లగడ్డ బస్సులో నిలబడి వస్తున్నాను. వెనకసీట్లో ఒకాయన కూనిరాగం తీస్తున్నాడు. ఒకే స్వరం మీద పది మాటలు, ఒక మెట్టు దిగి మళ్లీ పది మాటలు. పక్కనున్నాయన "ఏందప్పా, లెక్కలు చెప్పుకుంటాండావా?" అన్నాడు. నేను మాత్రం పోల్చుకున్నాను. అది పాటే, కాకపోతే పాటలో నాలుగోవంతు.

ఆ పంపకం మా మేనత్తది. టీచరుగా రిటైరయ్యాక క్రిస్మస్ కచేరీ ఆమె చేతికొచ్చింది. పాడేవాళ్లంతా పొలాలకూ ఉద్యోగాలకూ పోయేవాళ్లు, రోజూ ఒకచోట చేరలేరు. అందుకని పాటనే ఊళ్లకు పంచింది. పై గొంతు నంద్యాల ఆడవాళ్లకు, దాని కింది గొంతు రుద్రవరం ఆడవాళ్లకు, మగవాళ్లలో సన్నగొంతులు ఉయ్యాలవాడకు, లావుగొంతులు ఆళ్లగడ్డకు. తాను ఆటోల్లో, బస్సుల్లో ఊరూరా తిరిగి నేర్పేది. అసలు రాగం నంద్యాలవాళ్లదే గనక, తక్కిన మూడూళ్లకూ తాము పాడేది పాటేనన్న నమ్మకం లేదు. నాది లావుగొంతు గనక నన్నూ ఆళ్లగడ్డ గుంపులోనే వేసింది. అక్కడ నా పక్కన ట్రాక్టరు మెకానిక్కు. "అన్నా, ఇది పాటనా, ఎద్దుల్ని అదిలించేదా?" అనేవాడు. మాది చివరి వరస. ముందు నిలబడటం మా ఇంటి అలవాటని అత్తతో అన్నాను. "గొంతు యాడుంటే మనిషి ఆడ్నే నిలబడల్ల. నీకు మీ తాత ముక్కొచ్చింది గాని గొంతు రాలేదు నాయనా," అంది.

ఆ మొదటి ఏడే చర్చి కమిటీవాళ్లు తేల్చి చెప్పారు. పాట చెదిరితే ఇకమీదట పెన్‌డ్రైవ్ సంగీతానికి అందరూ ఒకే గొంతుతో పాడాలని. అత్త వాదించలేదు. ఒక పాత కీర్తన, నంద్యాల నర్సు ఒకామె కట్టిన కొత్తపాట, రెండూ నాలుగు గొంతుల్లోనే ఉంటాయంది.

కచేరీ రోజు మధ్యాహ్నం నాలుగూళ్లూ మొదటిసారి కలిశాయి. నంద్యాల ఆడవాళ్లు రాగం ఎత్తుకోగానే మాకు మతిపోయింది. ఇంత చక్కటి పాటను మాకు దాచిపెట్టారా అనిపించి, మాది వదిలి అందరం ఆ రాగం వెంట పరుగెత్తాం. కమిటీపెద్ద గోడకానుకుని నవ్వుకుంటున్నాడు.

అత్త గొంతు పెంచలేదు. ఆళ్లగడ్డవాళ్లను నోరు మూసుకోమని, మిగతా మూడూళ్లవాళ్లతో పాడించింది. రాగమంతా ఉంది, కాని పాట కాలు విరిగిన మంచంలా ఒరిగిపోయింది. "ఇనపడిందా, మీరేం మోస్తాండారో?" అంది మాతో. మెకానిక్కు తల వంచుకుని "ఎద్దులు గాదన్నా, బండే మనది," అన్నాడు.

సాయంత్రం కొత్తపాటలో రాగం పైకి లేచినచోట వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం మా స్వరం మీంచి కదల్లేదు. నాలుగు గొంతులూ ఒక్క చోట దిగాయి. కమిటీపెద్ద వచ్చి, "అమ్మా, వచ్చే ఏటికి ఏం పాటలు?" అని మెల్లగా అడిగాడు. "ఫస్టు ఈ ఉయ్యాలవాడోళ్లకు తొందర మాన్పించల్ల," అంది అత్త.

ఆమె పోయినా కచేరీ ఆగలేదు. కాలం మా ఇంటి నుంచి ఏదో ఒకటి పట్టుకుపోని ఏడాది నాకు గుర్తులేదు. అది ఏదైనా చేతిలో పెట్టిపోయిన ఏడాది ఆ మొదటి కచేరీ ఏడాదొక్కటే. ఆ ఏడు వేసవిలోనే రుద్రవరం దారిలోని మా చివరి రెండెకరాలూ అమ్మేశాం.