దారినపోయే తల్లి

వంటింట్లో ఎండుమిరపకాయలు వేగి, ఆ ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే, నేను మాత్రం కాసేపు కదలకుండా కూర్చుంటాను. అది నన్ను అరవైల మొదట్లోకి, వినుకొండ పోయే బండిదారి పక్కనున్న మా మిరప కల్లంలోకి తీసుకుపోతుంది.

శివరాత్రి వెళ్ళి చలి తగ్గాక, పత్తి చేలల్లో ఆఖరి తీత నడుస్తుండగా, కోసిన కాయను కల్లం నిండా నేల కనపడకుండా ఆరబోసేవాళ్ళు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, తుమ్ముల మధ్యే పాటలు పాడేవాళ్ళు. మధ్యాహ్నానికి జొన్నన్నం, గోంగూర పచ్చడి, కొరుక్కోను ఉల్లిపాయ, పిల్లలకైతే తిరునాళ్ళలో కొన్న బొరుగులు. మా నాయనమ్మ చుట్ట కాలుస్తూ, కేకలేస్తూ అందరిమీదా పెత్తనం చేసేది. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది. నేను ఏడుస్తానని కాబోలు, ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఒకనాడు కాయల్లో ఆడి ఆడి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకున్నాను. నాయనమ్మ నీళ్ళు కొట్టేకొద్దీ మంట పెరిగింది. నా కేకలు విని దారినపోతున్న ఇద్దరు ఆగారు. భుజాన దూది ఏకే విల్లుతో ఒక సాయిబు, చంకలో పసిబిడ్డతో ఆయన భార్య.

"నీళ్ళు పొయ్యమాకండమ్మా, ఇంకా మండుద్ది" అంటూ ఆమె బిడ్డను మొగుడికిచ్చింది. ఆయన అటు తిరిగి చేనువైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె నా తల ఒళ్ళో పెట్టుకుని, రెప్పలు విడదీసి, కళ్ళలో చనుబాలు పిండింది.

"అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూ కొంగుతో తుడిచింది. మంట మెల్లగా దిగింది. ఆ కొంగుకు దూది నూగు అంటుకుని ఉంది. అమ్మ పోయాక నేను ఎవరి ఒళ్ళోనూ అంతసేపు పడుకోలేదు.

అన్నం తిని పొమ్మని నాయనమ్మ ఎంత చెప్పినా, పొద్దుగూకేలోగా పై ఊరు చేరాలంటూ ఆమె లేచింది. నేను కొంగు వదల్లేదు.

"రేపు కూడా వస్తావా?"

"మాది ఒక చోటు కాదమ్మా. పని ఎక్కడుంటే అక్కడికి పోతాం."

నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, తల నిమిరి వెళ్ళిపోయింది.

మర్నాడంతా దారివైపే చూశాను. రాలేదు. సాయంత్రం ఒక కాయ తుంచి, నేనే కళ్ళకు రుద్దుకున్నాను.

నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏందే ఇది? తెలిసి తెలిసి ఎందుకు రుద్దుకున్నావే?"

"ఏడిస్తే ఆమె వచ్చిద్దని."

నాయనమ్మ చుట్ట పారేసి, అక్కడే చతికిలబడి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఎవరో తెచ్చిన ఆవుపాలు కళ్ళలో వేస్తూ వేస్తూ, "మీ అమ్మా కాపురానికొచ్చిన కొత్తల్లో ఇట్టాగే నులుముకుందే. ఊరంతా వినపడేట్టు ఏడ్చింది" అని నవ్వబోయి, తనే ఏడ్చేసింది. ఆ ఎండాకాలమంతా నేను అడిగినప్పుడల్లా అమ్మ గురించి చెబుతూనే ఉంది.

ఆ ఇద్దరూ మళ్ళీ మా దారిన రాలేదు. ఆమె పేరేమిటో అడగాలని మాకెవరికీ తోచలేదు.

ఈమధ్య అటు వెళ్ళాను. కల్లాల్లో ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. కాయ ఎండగానే లారీలెక్కి కోల్డ్ స్టోరేజీకి పోతోంది. బండిదారి తారురోడ్డయింది. చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాను. ఆటోలు హారన్లు కొట్టుకుంటూ, కార్లు అద్దాలు బిగించుకుని పోతూనే ఉన్నాయి. నడిచిపోయే మనిషి ఒక్కరూ కనపడలేదు. ఇప్పుడు కల్లంలో ఏ పిల్ల ఏడ్చినా, విని ఆగేందుకు దారిన ఎవరూ లేరు.