పంచరు వాళ్లమ్మ ఉత్తరాలు

పొద్దున్నే సైకిలు కొట్టు తలుపు తీయకముందే అతను గాలిపంపు భుజాన వేసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. గోడలకు ఆనించి ఉన్న సైకిళ్ల టైర్లన్నీ బొటనవేలితో నొక్కి చూసేవాడు. మెత్తగా ఉంటే గొంతుకూర్చుని గాలి కొట్టేవాడు. గట్టిగా ఉంటే సీటు మీద ఒక చరుపు చరిచి ముందుకు పోయేవాడు. ఎవరూ అడిగింది లేదు. ఆసుపత్రి నర్సమ్మ డ్యూటీకి, లెక్కల మాస్టారు బడికి బయల్దేరే వేళకు వాళ్ల బండ్లు సిద్ధంగా ఉండేవి.

"ఒరేయ్, ఇంటింటికీ వెళ్లి నువ్వే గాలి కొట్టేస్తే మన కొట్టుకెవడొస్తాడురా?" అని యజమాని గొణిగేవాడు.

"గాలి దేవుడిది, చేతులు నావి, పంపు మీది. మేమిద్దరం ఒప్పేసుకున్నాం, ఇక మీరొక్కరే మిగిలారు" అనేవాడు.

వీధంతా అతన్ని పంచరు అనే పిలిచేది. ఇరవై రెండో ఏట సైన్యంలో చేరాడు. శిక్షణ అవుతూనే యుద్ధం వచ్చింది. ఒక్కసారి కూడా సెలవు మీద ఇంటికి రాకుండా, రెండేళ్లు నిండకముందే పోయాడు. ఇది జరిగి నలభై ఒక్క ఏళ్లు.

పోయిన ఏడాది మా బడి హెడ్మాస్టరు నన్ను పిలిపించారు. ఆ బడిలో ముప్పై నాలుగేళ్లు గుమస్తాగా చేసి రిటైరయినవాణ్ని. "ఇక్కడ చదివి యుద్ధంలో పోయినాయన ఫోటో గోడకు పెడుతున్నాం. కింద ఆయన జీవితం ఒక పేజీ ఉండాలి. మీ స్నేహితుడే కదా, మీరే రాయండి" అన్నారు. ఒక్క పూట పని అనుకున్నాను. పాత రిజిస్టరు తీస్తే పుట్టిన తేదీ దొరికింది, కుడి చెవి వెనక పుట్టుమచ్చ దొరికింది, ఏడో తరగతి తప్పినట్టూ దొరికింది. మిగతాది అడుగుదామని అతని చెల్లెలి దగ్గరికి వెళ్లాను.

అన్న పోయేనాటికి తొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు బజారులో కుట్టు మిషను పెట్టుకుంది. నా చొక్కాలకు గుండీలు ఊడితే అడక్కుండానే కుట్టి పంపుతుంది. అన్నగారి గుణం.

"తప్పకుండా రాయండి అన్నయ్యా. రాసేముందు ఒక్క సంగతి మాత్రం తేల్చిపెట్టండి" అంది మిషను ఆపి. "మా అన్నయ్య చివరి ఎనిమిది నెలలు అమ్మకి ఉత్తరం రాయలేదు. అన్నీ నాకే రాశాడు. బాగా చదువుకో, చలికి బయట తిరగకు, ఇవే మాటలు. అమ్మ ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. అమ్మ కంచం ముందు కూర్చుని 'వాడికి నా మీద ఏం కోపమో' అనేది. అన్నయ్య పోయాక ఇరవై ఏడేళ్లు బతికింది. ఇరవై ఏడేళ్లూ అదే మాట. ఆ మాటతోనే పోయింది."

అటక మీంచి ఇనప్పెట్టె దింపింది. సైన్యం వాళ్లు పంపించిన పెట్టె. అందులో రెండు జతల బట్టలు, ఒక రేడియో, చిన్న నోటుబుక్కు, దారంతో కట్టిన ఉత్తరాలు. చెల్లెలు రాసినవి కొన్ని తప్ప, ఉత్తరాలన్నీ నా చేతిరాతే.

ఎందుకంటే వాళ్లమ్మకు చదువు రాదు. పిండిమరలో పని. ఆ మోతలో అరిచి అరిచి ఆవిడ ఇంట్లో రహస్యం చెప్పినా వీధి చివరికి వినపడేది. మధ్యాహ్నం మర ఆపిన అరగంటలో నేను ఉత్తరం కాగితం పట్టుకుని వెళ్లేవాణ్ని. కనుబొమల దాకా పిండి పడి, తిరగలి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఆవిడ చెప్పేది, నేను రాసేవాణ్ని. నాకు ముందు ఓ ముద్ద పెట్టందే కాగితం ముట్టుకోనిచ్చేది కాదు.

చెల్లెలు ఒక ఉత్తరం విప్పి చదివి నవ్వింది. "ముత్యాల్లాంటి అక్షరాలు అన్నయ్యా మీవి. కానీ అమ్మ ఇంత పద్ధతిగా మాట్లాడేదా?"

నేనూ నవ్వాను. నోటుబుక్కు చివరి పేజీలో తోటి సైనికుడి సొంతూరి అడ్రసు ఉంటే రాసుకుని లేచాను.

ఆయన రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ఊళ్లో ధాన్యం గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. నేనెవరో చెప్పగానే తన కుర్చీ నాకిచ్చి తాను బస్తా మీద కూర్చున్నాడు. టీ తెప్పించాడు. కొండ మీదికి నీళ్ల డబ్బాలు మోస్తుండగా గుండు పడిందని, నొప్పి తెలియకుండానే పోయాడని చెప్పాడు. అక్కడా ఎవరూ అడక్కుండానే లారీల టైర్లు నొక్కుతూ తిరిగేవాడట. "మేజరు గారి జీపుకి కూడా చరుపే" అని నవ్వాడు. తర్వాత, "పాపం, తల్లి పోయిన దిగులుతోనే వెళ్లిపోయాడు" అన్నాడు.

"ఆవిడ పోయి పద్నాలుగేళ్లేనండీ" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అదేంటి? వాడుండగానే పోయారు కదా?"

"లేదండీ."

బస్తా మీద ముందుకు జరిగాడు. "ఆ ఉత్తరాలు రాసిందెవరు మరి?"

"నేనే."

"నువ్వేనా హెడ్మాస్టరువి?" అన్నాడు. కోపంగా కాదు, ఎన్నాళ్లకో కనపడిన మనిషిని గుర్తుపట్టినట్టు. "మేం నీకు పెట్టుకున్న పేరది. మొదటి ఉత్తరం వచ్చినప్పుడు వాడు అందరికీ చదివి వినిపించి పొట్ట పట్టుకుని నవ్వాడు. 'మా అమ్మ నన్ను ఆశీర్వదించి వ్రాయునదట. మా అమ్మకి నన్ను తిట్టకపోతే అన్నం అరగదురా' అన్నాడు. నాలుగోదో అయిదోదో వచ్చేసరికి నవ్వు పోయింది. 'ఈ ఉత్తరాల్లో మా అమ్మ లేదురా. రాసేవాడే కూర్చుని నన్ను ఓదారుస్తున్నాడు. అమ్మ పోయుంటుంది, యుద్ధంలో ఉన్నానని దాస్తున్నారు' అన్నాడు. సెలవు అడిగాడు. అప్పుడెవరికిచ్చారు సెలవులు?"

"చెల్లెలు రాసేది కదా, అమ్మ బాగుందని?"

"అది కూడా నీ భాషలోనే ఉండేదిగా. 'చిన్నపిల్ల చేత కూడా అబద్ధం రాయిస్తున్నారు, ఇంక నేనా మాట అడిగి దాన్ని ఏడిపించను' అన్నాడు. అప్పట్నుంచి తల్లి ఊసెత్తలేదు."

ఔను, ఆ పిల్ల ఉత్తరాలూ నేనే దగ్గర కూర్చుని చెప్పి రాయించేవాణ్ని, తప్పులు పోకూడదని.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గాని దారి కనిపించలేదు. ఆవిడ చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. "రాయి. ఒరేయ్ గాడిదా, తింటున్నావా, గాలి మేసి తిరుగుతున్నావా? ఆ చేటల్లాంటి చెవులు కప్పుకుని చావు, చలికి ఊడి పడతాయి. నువ్వు లేక కుండలో అన్నం మిగులుతోందిరా వెధవా." నేను రాసింది: "నీ ఆరోగ్యమును జాగ్రత్తగా చూచుకొనవలెను. ఇచ్చట అందరము క్షేమము." బడి కాగితాలు రాసే చెయ్యి. తల్లి బిడ్డకు రాసే ఉత్తరంలో గాడిద ఏమిటని సిగ్గుపడింది. ఆవిడ "ఏదీ, చదువు" అంటే, కాగితం వంక చూస్తూ ఆవిడ చెప్పిన మాటలే పొల్లుపోకుండా ఒప్పజెప్పేవాణ్ని. ఆవిడ తృప్తిగా తలాడించి, తన మాటే కొడుక్కి వెళ్తోందనుకుని పిండి చేతులతో కవరు అంటించేది.

ఒకసారి అతను రాశాడు, "అమ్మా, ఈసారైనా నన్ను తిట్టు" అని. నేనే చదివి వినిపించాను. ఆవిడ మురిసిపోయి, తిరగలి తిరిగినట్టు ఆపకుండా తిట్టింది. నేను రాసిన జవాబు, "తల్లి హృదయము బిడ్డను దూషింపజాలదు." ఆ వాక్యం బాగా కుదిరిందని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. దాని తర్వాతే ఆవిడకు ఉత్తరాలు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చుంటే దణ్ణం పెట్టడానికి చేతులు రాలేదు. ముందు చెప్పాల్సిన చోట చెప్పి రావాలనిపించింది. లేచి కుట్టు దుకాణానికి వెళ్లాను.

ఆమె ఏదో అంచు మడుస్తూ విన్నది. మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారి, "మరి మీరు చదివేవారు కదా, అమ్మ మాటలే అవి" అంది.

"నోటితో చెప్పానమ్మా. కాగితం మీద లేవు."

చేతిలో అంచు పక్కన పెట్టి, మిషను చక్రం మీద చెయ్యి వేసింది. బయట ఎవరో రవికె అడగడానికొచ్చి, ఆమె మొహం చూసి మళ్లీ వస్తానని వెళ్లిపోయారు.

"కోపం కాదన్నమాట" అంది. "అమ్మకి ఈ మాట చెప్పడానికి అమ్మ లేదు."

నేను తల వంచుకున్నాను. క్షమించమని అడగలేదు. ఆమె క్షమించానని కూడా అనలేదు. లేచి కుండలోంచి మంచినీళ్లు ముంచి నా చేతికిచ్చింది. నేను తాగేదాకా నిలబడింది.

"ఆ తిట్లన్నీ గుర్తున్నాయా మీకు?"

"ఒక్కటీ మర్చిపోలేదమ్మా."

"అయితే అవి రాయండి. బాగుచెయ్యకండి."

రాసి తీసుకెళ్తే హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకున్నారు. "బడి గోడ మీద గాడిద, వెధవ అని ఎలా పెడతామండీ? పిల్లలు చదవరూ?" ఆయన తప్పేం లేదు. ఒకప్పుడు నేనూ అదే అన్నాను, నాలో నేను. గోడ మీద తేదీలతో పది వరుసలు పెట్టారు, పుట్టుమచ్చ కూడా లేకుండా. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

అతను వెళ్లిన రోజు వాళ్లమ్మ బస్సు దగ్గరకు రాలేదు. మర గుమ్మంలో నిలబడే కేకేసింది, "పో, పో, పీడా విరగడైంది" అని. కొంగు కళ్లకద్దుకుంటే పిండి చారలు పడ్డాయి. అతను పంపు కొట్లో అప్పజెప్పమని నా చేతికిచ్చి, బస్సు మెట్టు మీద నిలబడి, వెనక్కి చూసి నవ్వాడు.

"ఒక్క సాయం చెయ్యరా. అమ్మ ఎలా అంటే అలాగే రాయి. గాడిదంటే గాడిదనే రాయి. నీ చదువు కలపకు. ఆ తిట్లు వినపడితే చాలు, నేను ఇంట్లో ఉన్నట్టే."