ఆఖరి ఊరి ఇసుక

ఉదయం పదీ ఇరవైకి నైట్రోజన్ లారీ మా ఫిజిక్స్ బ్లాకు ముందు ఆగింది. సోమవారం రావలసింది గురువారం వచ్చింది. పశువుల ఆసుపత్రుల్లో ఎద్దు వీర్యం పాడవకుండా ద్రవ నైట్రోజన్ పంచే లారీ అది. విశాఖ నుంచి రాజాం వెళ్తూ మాకూ ఒక క్యాను నింపి పోయేది. రేడియోధార్మికతను కొలిచే మా డిటెక్టర్‌లో అరచేతిలో పట్టేంత జెర్మేనియం స్ఫటికం ఉంటుంది. పని చెయ్యాలంటే దానికీ ఆ చలి కావాలి.

“ఏటి సారూ, ఇన్నేళ్ళబట్టి పోస్తన్నారు, మీ గేదె ఇంకా సూడి కట్టలేదేటి?” అన్నాడు డ్రైవర్, ఎప్పటిలాగే.

“గొడ్డుదిరా బావా. పొయ్యకపోతే సస్తాది, అందుకే పోస్తన్నాం,” అన్నారు సార్. నవ్వబోయి, కడుపు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు.

సార్ నా గైడ్. శ్రీకాకుళం తీరంలో నల్ల ఇసుకకు సహజంగా ఉండే రేడియోధార్మికతను ఊరూరా కొలుస్తూ వచ్చారు. మిగిలింది ఆయన పుట్టిన ఊరు ఒక్కటే. దాన్ని చివరికి ఉంచుకున్నారు. ఆ వేసవిలో ఆయన కాలేయంలో కాన్సర్ బయటపడింది.

ఆ ఊరి ఇసుకా తెచ్చాం. ఇసుకను డబ్బాలో పోసి, గాలి పోకుండా మూత బిగించి, నెల ఆగాలి. లోపల పుట్టే వాయువు బయటికి పోకుండా కుదురుకున్నాకే కొలత నమ్మదగింది అవుతుంది. ఆ నెల ఆయన ఆగారు. తీరా డబ్బా సిద్ధమయ్యాక లారీ రాలేదు. బుధవారానికి నైట్రోజన్ అయిపోయింది.

సగం చలి వదిలిన స్ఫటికానికి మళ్ళీ నైట్రోజన్ పోయకూడదు. పూర్తిగా గది వేడికి వచ్చేదాకా వదిలెయ్యాలి. లేకపోతే చుట్టూ ఉన్న తేమంతా వచ్చి స్ఫటికం మీదే పేరుకుంటుంది. నేను చేరిన మొదటి రోజే ఆయన చెప్పిన మాట ఇది. మా పాత క్యానులో నైట్రోజన్ అంతవరకు ఆవిరైపోకుండా నిలవదు.

“వచ్చే లారీకి సేద్దాం సార్.”

“అప్పటికి నేనుంటానేటమ్మా?”

“పొయ్యకూడదని మీరే కదా సార్ సెప్పారు.”

“సెప్పాను. నాకు తెలీదేటి? గరాటు ఇలాగియ్యి.”

ఆయనే పోశారు. సాయంత్రం వోల్టేజి కొద్దిగా పెంచగానే స్ఫటికంలో కరెంటు ఎగబాకింది, తేమ పట్టిందనడానికి గుర్తుగా. రెండోసారీ అంతే. కంప్యూటరు తెర మీద ఇసుక లెక్క చెప్పే శిఖరాలు రావలసిన చోట రొద తప్ప ఏమీ లేదు. సార్ చాలాసేపు చూశారు.

“ఆపీ అమ్మా. ఇంటికెళ్ళు, బస్సు పోతాది.”

మరో లారీ రాకముందే ఆయన పోయారు. ఆఖర్న తొందరపడ్డాడని డిపార్టుమెంటులో అన్నారు. నేను అలా అనుకోను. ఏం జరుగుతుందో తెలిసే పోశారు. ఏం చేసినా ఆ ఊరి లెక్క తన కళ్ళ ముందు రాదని కూడా ఆయనకు తెలుసు. చదివిన చదువు ఆయనకు ఆ పూట ఏ సాయమూ చెయ్యలేదు. నాకూ చెయ్యలేదు.

స్ఫటికం బాగవలేదు. నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. తీరంలో ఇసుకను ఇప్పుడెవరూ కొలవడం లేదు.