విమానాల వాళ్లకు పలకలు అమ్మబోయినాము

ప్రపంచంలో విమానాలు నడిపే కంపెనీలన్నిటితోనూ ఉత్తరాలు నడిపినవాణ్ణి నేను. మార్కాపురం తాలూకా మొత్తం వెతికినా అట్లాంటివాడు ఇంకొకడు దొరకడు. ఏ కంపెనీకి ఎన్ని విమానాలు, ఏ విమానానికి ఎన్ని ఇంజన్లు, ఎవరి తోక ఏ రంగు, అన్నీ నాకు నోటికి వచ్చు. టీ బంకు దగ్గర ఇట్లే చెప్తుంటాను. మీరు చదువుకున్నవాళ్లు కాబట్టి కొంచెం తగ్గిస్తాను. అన్ని కంపెనీలకూ కాదు, పదిహేనింటికి. పదిహేను కూడా కాదు, పన్నెండు. జవాబు ఇచ్చినవి అయిదో ఆరో. ఆరోది నేను కలుపుకున్నది.

రాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలు అవి. మేము మాత్రం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయినాము. గిద్దలూరులో ఎస్సెల్సీ తప్పి, నేను మార్కాపురంలో మా మేనమామ పలకల షెడ్డులో చేరినాను. షెడ్డులో ఆరుగురు పనివాళ్లు. గని నుంచి బండి మీద వచ్చిన రాయిని ఉలితో పొరలుగా చీల్చాలి, రంపంతో కోయాలి, నీళ్లు చల్లి నున్నగా రుద్దాలి, చుట్టూ చెక్క చట్రం బిగించాలి. రుద్దే పని ఒక ముసలామెది. అర్ధవీడు పక్కన ఉండే గొర్రెలు కాసుకునే మనిషి. మంద కరువులో పోతే పలకల్లోకి వచ్చింది. ఆమె వరసకు ఏమీ కాకపోయినా అందరం పెద్దమ్మా అనేవాళ్లం.

ఆ ఏడు, మా పలకలు కొనే మద్రాసు వ్యాపారి ఇంక మీ సరుకు వద్దని కబురు పంపినాడు. ఊర్లో మిషన్లు పెట్టినవాళ్లు మాకంటే చవకగా ఇస్తుండారు. మామ షెడ్డు మూలన ఉన్న చట్రాల చెక్క దొంతరను చూపించినాడు.

"ఆ చెక్క ఉన్నన్ని దినాలు నడుపుదాం. అది అయిపోతే తాళమే. కృష్ణ మీద డ్యాము కడుతుండారు గదా, అందరం ఆడికే పోదాం."

"నన్ను తీసుకుంటారా ఆడ?" అని అడిగింది పెద్దమ్మ.

ఆమెకు అప్పటికే దగ్గు. రెండు తట్టలు మోస్తే కూలబడేది. డ్యాము దగ్గర పలకలు రుద్దే పని ఉండదు.

అట్లాంటి రోజుల్లో నేను మంగలి దుకాణంలో ఒక ఇంగ్లీషు పత్రిక చూసినాను. చీర కట్టుకున్న పిల్ల ఒకామె విమానంలో ఒక చిన్న పిల్లోడికి ఆటబొమ్మ అందిస్తుండాది. ఆ ఫోటో చూసి సగం క్షౌరంతోనే లేచి పరుగెత్తుకొని వచ్చినానని ఇన్నాళ్లూ చెప్పుకుంటా వచ్చినాను. పూర్తిగా చేయించుకొని, అద్దం చూసుకొనే వచ్చినాను.

"మామా, విమానాల్లో పిల్లోళ్లకు ఊరికే బొమ్మలు ఇస్తారంట. బొమ్మ బదులు మన పలక ఇస్తే?"

"విమానంలో బడి పెడతారేందిరా?"

"బడి కాదు మామా. తోచక ఏడుస్తారు గదా, ఏదన్నా గీసుకుంటారు."

"విమానాలు ఎన్ని ఉంటాయి?"

"వేలు," అన్నాను. నాకు తెలియదు.

పెద్దమ్మ రుద్దుతున్న పలకను ఆపింది. "మన పిల్లోళ్లు బస్సులో ఏడిస్తే వీపు మీద రెండు ఇస్తాం. వాళ్లు పలకలిస్తారా. మంచోళ్లే పాపం."

మామ నవ్వినాడు. చాలా రోజులకు నవ్వినాడు. అంతటితో అందరికీ ఆ పిచ్చి పట్టుకుంది.

మాకు ప్రయాణమంటే పొదిలి బస్సు. దాని నెత్తిన మేకలు, శనక్కాయల మూటలు, మా పలకల పెట్టెలు, ఆ పెట్టెల మీద మనుషులు. ఎంత వేస్తే అంత మోసేది. మొయ్యలేకపోతే దిగి తోసేవాళ్లం. విమానమంటే ఇంకా పెద్ద బస్సు, అంతే. గాలిలో తిరిగేవాళ్ల దగ్గరికి రాళ్లు పట్టుకొని పోతుండామన్న సంగతి షెడ్డులో ఒక్కరికీ తట్టలేదు.

కర్నూల్లో ఒక గ్రంథాలయంలో విమాన కంపెనీల పుస్తకం ఉందని విని పోయినాను. పేజీకి ఒక కంపెనీ. పైన విమానం బొమ్మ. కింద ఏ ఊరిది, ఎన్ని విమానాలు, ఏ రకానివి, ఎక్కడెక్కడ దిగుతాయి. కొన్ని కంపెనీల సంసారం పేజీ చాలక పక్క పేజీలోకి పోయింది. కొన్నిటికి ఒకే విమానం, అది పోయేది ఒకే ఊరికి. గొప్ప కంపెనీల చిరునామాలే రాసుకున్నాను. కాగితం మిగిలితే రెండు మూడు బీదవాటివి కూడా రాసుకున్నాను.

మచ్చుకు పంపడానికి అరచేతి కంటే కొంచెం పెద్ద పలకలు కోసినాము. పెద్దమ్మ వాటిని ముఖం కనిపించేటట్టు రుద్దింది. చట్రాలకు ఎర్ర రంగు. ఇంగ్లీషులో ఉత్తరం నేనే సొంతంగా రాసినానని మామకు చెప్పినాను. ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకంలో, ఇంటి పెద్ద చనిపోయినప్పుడు రాసే సంతాపం ఉత్తరం చాలా గంభీరంగా ఉండింది. దాని మొదలు, చివర అట్లే ఉంచి, నడుమ పలకల సంగతి దూర్చినాను.

పోస్టాఫీసులో గుమాస్తా కట్టను ఎత్తి చూసి కింద పెట్టినాడు. "ఏందయ్యా, రాళ్లా?"

"పలకలు సార్. విమాన కంపెనీలకు."

"విమానంలో పంపాలనా, ఓడలోనా?"

విమానంలో అయితే ఎంతని అడిగినాను. తూచి చెప్పినాడు. మామ నా మొహం చూసినాడు, నేను నేల చూసినాను.

"ఓడలోనే పంపు సామీ," అన్నాడు మామ.

మా పలకను విమానం ఎక్కించే శక్తి మాకు లేదని తెలిసిన ఆ క్షణంలోనే, వాళ్లకు మాత్రం ఆ బరువు ఎందుకని తోచాల్సింది. తోచలేదు. టీ తాగి షెడ్డుకు వచ్చినాము.

ఓడలు ఎప్పుడు పోయినాయో ఏమో. చెక్క దొంతర మోకాలి ఎత్తుకు దిగినాక మొదటి జవాబు వచ్చింది. అదీ విమానంలో. నున్నటి పుస్తకం, దాంట్లో నాలుగింజన్ల విమానాలు వరసగా నిలబడి ఉండాయి, పండగకు స్నానం చేయించిన ఎద్దుల మాదిరి. సముద్రాలు దాటతాయి, లోపల పడుకునే మంచాలు ఉండాయి. పుస్తకంతో పాటు చిన్న ఉత్తరం. నేను దాన్ని నిలబడి గట్టిగా చదివినాను. వాళ్ల గొప్పతనం, మన పలక గొప్పతనం, ముందు ముందు చూద్దామన్న మాట, ఆరోగ్యం జాగ్రత్త అన్న మాట.

"కాగితంలో రెండు లైన్లే ఉండాయి," అన్నది పెద్దమ్మ. "నువ్వు ఇంతసేపు ఏం చదివినావు నాయనా?"

రెండో కంపెనీ అప్పుడే ఇంజన్లకు రెక్కలు తిరగని కొత్త విమానాలు తెచ్చుకుంది. వాటిని జెట్లు అంటారని మామకు చెప్పి, ఎట్ల ఎగురుతాయో కూడా చెప్పినాను. నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల ఉత్తరంలో ఒక మాట ఉండింది. విమానం ఎక్కే ప్రతి వస్తువునూ తూస్తారంట, చెంచాలు కూడా. మా పలక బరువుకు ఇంకొక ప్రయాణికుడి భోజనం వస్తుందంట.

ఆ మాట ఏమీ కలపకుండా చదివినాను. మామ ఒక పలకను తీసుకొని అరచేతిలో పెట్టుకొని ఎగరేసి పట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచి మోసిన రాయిని కొత్తగా తూచినట్టు.

"బరువేరా అల్లుడా," అన్నాడు.

తర్వాత వచ్చినవీ అట్లాంటివే. ఒకరివి నీళ్ల మీద దిగే విమానాలు, దీవికీ దీవికీ తిరుగుతాయి. వాళ్లు పలకను తిప్పి పంపినారు, నాలుగు ముక్కలుగా. ఇంకొకరివి ఎడారిలో తిరుగుతాయి. వాళ్లు పలక పంపలేదు, క్యాలెండరు పంపినారు. వద్దన్న ప్రతి కంపెనీ తన విమానాల బొమ్మలు ఇచ్చి వద్దన్నది. మేము ఆ బొమ్మల్ని గోడకు అంటించినాము. తిండి వేళ అందరమూ వాటి కింద కూర్చొని, ఎవరి విమానం బాగుందో వాదులాడేవాళ్లం. చెక్క తీసుకునేటప్పుడు మాత్రం ఎవరూ మూల వైపు చూసేవాళ్లు కాదు.

ఆఖరున బీద కంపెనీలలో ఒకటి రాసింది. మంచు కొండల దేశం. రెండు పాత డకోటా విమానాలు ఉండాయి. వాటిలో ఒకటి ఎగరడం మానేసింది, దాని భాగాలు ఊడదీసి రెండోదానికి వేసుకుంటుండారు. ఆ రెండోది ఉప్పు, గొర్రెలు, మనుషులు అన్నిటినీ కలిపి మోస్తుంది. మేనేజరు స్వయంగా చేత్తో రాసినాడు. మా విమానంలో పిల్లలు తల్లుల ఒళ్లో కూర్చుంటారు, వాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు, కానీ మీ రాయి బాగుంది, విమానం ఎప్పుడు వస్తుందో రాసి పెట్టడానికి మా మైదానం దగ్గర ఒక పెద్ద పలక కావాలి, మనిషి ఛాతీ ఎత్తు ఉండేది ఒకటి పంపగలరా అని.

"ఎన్ని?" అన్నాడు మామ.

"ఒకటి."

"సరిగ్గా చదువు."

"ఒకటే మామా."

పెద్దమ్మ అడిగింది, "ఇప్పుడు దేని మీద రాస్తుండారంట?"

"అది రాయలేదు."

మామ మూలకు పోయి మిగిలిన చెక్కను కాలితో కదిపినాడు. దాంతో చిన్న పలకలు చేస్తే పొదిలి సంతకు రెండు పెట్టెలు పోతాయి, ఇంకొన్ని వారాలు గడుస్తాయి. పెద్ద పలకకు చట్రం కడితే ఒక్క ముక్క మిగలదు. తర్వాత వచ్చి, "రెండు పెట్టెలు అమ్ముకున్నా షెడ్డు పోయేది పోయేదే. అడిగినోళ్లు వీళ్లొక్కరే గదా," అన్నాడు.

అంత పెద్ద పొర విరగకుండా చీల్చడం మా షెడ్డులో ఎవరూ చేసిన పని కాదు. మొదటి రాయి ఉలి పెట్టగానే పగిలింది. రెండోది ఎత్తేటప్పుడు విరిగింది. మూడోది నేనే చీల్చినానని చాలా చోట్ల చెప్పినాను. మామ చీల్చినాడు, నేను నీళ్లు పోసినాను. పెద్దమ్మ దాని పక్కన కూర్చొని, దగ్గుకుంటా, ఆపుకుంటా, మొత్తం ఒక్కతే రుద్దింది. ఇంకొకరిని చెయ్యి పెట్టనియ్యలేదు. అయిపోయినాక దాన్ని గోడకు ఆనించి నిలబెడితే షెడ్డులో ఉన్న మనుషులందరూ దాంట్లో మసకగా కనపడినారు.

వరిగడ్డి చుట్టి, పెట్టెలో పెట్టి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో మద్రాసు గూడ్సుకు ఎక్కించినాము. మద్రాసు నుంచి ఓడ. మర్నాడు మామ షెడ్డుకు తాళం వేసినాడు. డ్యాముకు పోయేవాళ్లు మూటలు కట్టుకొని వచ్చి పెద్దమ్మకు చెప్పి పోయినారు. మామ అందరికంటే చివర చెప్పినాడు. ఏం చెప్పినాడో నేను వినలేదు. ఆమె మాత్రం, "పో నాయనా, రైలు తప్పుతాది," అన్నది.

నేను శనక్కాయల దుకాణంలో గుమాస్తాగా కుదురుకున్నాను. పెద్దమ్మ పొద్దున్నే మిషన్ల ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి నిలబడేది. వాళ్ల దగ్గర రుద్దడానికి కూడా మిషను ఉండాది. తర్వాత వచ్చి మా షెడ్డు చూరు కింద కూర్చునేది.

చలికాలం నడుమ జవాబు వచ్చింది. మేనేజరు చేతిరాతే. షెడ్డుకు రాసినాడు గాని, పోస్టుమాను నాకు తెచ్చి ఇచ్చినాడు. పలక విరగకుండా చేరిందంట. మైదానం దగ్గర నిలబెట్టినారంట. పలక వచ్చేసరికి రెండో డకోటా కూడా మూలన పడిందంట. ఇక విమానం రాదు, కొండ దారిన నడిచి పోవాలి అని దాని మీద రాసినారంట. మీ శ్రమకు కృతజ్ఞతలు అని ముగించినాడు.

చూరు కిందకు పోయి పెద్దమ్మకు చదివి వినిపించినాను.

"అక్షరాలు బాగా పడినాయంటనా?" అని అడిగింది.

"బాగా పడినాయంట పెద్దమ్మా. మైదానం అవతల నుంచి కూడా కనిపిస్తుండాయంట."

ఆ మాట ఉత్తరంలో లేదు.

"ఇంకొకటి ఏమన్నా కావాలంటనా?"

దీనికి పెంచి చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు.

"లేదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె కొంగు దులుపుకొని లేచింది. ఈ పూట గేటు కాడ ఇంకొక మేస్త్రీ ఉంటాడంట, అతన్ని అడిగి చూస్తానని బయలుదేరింది. పొద్దున లేదు పొమ్మన్నది కూడా ఆ మేస్త్రీయేనని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.