బియ్యం డబ్బాలో స్కూటర్

మా చిన్నప్పుడు... ఎవరింట్లోనైనా అన్నంలో రాయి తగిలితే విసుక్కునేవారు. మా ఇంట్లో నట్టు తగిలేది! ఒకసారి చెల్లి ముద్దలో వాషర్ వచ్చింది. అది నోరు తెరిచి ఏడవబోతుంటే, నాన్న మాత్రం "దొరికిందా! పొద్దుగాల నుంచి దీని కోసమే దేవులాడుతున్న" అంటూ దాన్ని కడిగి జేబులో వేసుకున్నారు.

చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, నాలుగు వాటాల కిరాయి ఇల్లు. నాన్న పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. ఆఖరి జీతానికి బదులు, మూలన పడి ఉన్న పాత గేర్ల స్కూటర్ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు ఓనరు. అది నడిచి ఎన్నేళ్ళయిందో! నాన్న దాన్ని ఇంటిదాకా తోసుకుంటూ వచ్చారు. అమ్మ దిష్టి తీసి గుమ్మం పక్కన పెట్టించింది... దిష్టి తీయించుకున్న జీతం ఇదొక్కటేనని తర్వాత చాలాసార్లు నవ్వేది.

నారాయణగూడలో పెళ్లి కార్డుల దుకాణం ఆయన నాన్నకు ఒక మాట ఇచ్చాడు. "కార్తీకంల ముహూర్తాలు షురూ అయ్యేలోపల బండి తెచ్చుకో. కార్డులు ఇండ్లకు చేర్చే పని నీకే ఇస్త. లేకుంటే వేరేటోన్ని చూసుకుంట."

ఇంకేముంది... ఆ తుప్పు బండి మీదే మా ఇంటి ఆశంతా.

దొరికిన చిన్నాచితకా పనులు చేసుకుంటూ, మిగిలిన పూటల్లో నాన్న బండి విప్పుకుని కూర్చునేవారు. వానలకు సామాన్లన్నీ తుప్పు పడుతుంటే అమ్మే ఉపాయం చెప్పింది... చిన్న చిన్నవన్నీ గుడ్డలో మూటగట్టి బియ్యం డబ్బాలో దాచమని. బియ్యం తేమ పీల్చుకుంటాయట. పీల్చుకున్నాయో లేదో గానీ, అన్నానికి మాత్రం పెట్రోలు వాసన పట్టింది!

ఇంజన్ పని దగ్గరికొచ్చేసరికి డబ్బు నిండుకుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు నాన్న. మర్నాడు చూస్తే అమ్మ ముక్కు బోసిగా ఉంది. ముక్కుపుడక తాకట్టు కొట్టుకు వెళ్ళింది... కన్నం పూడిపోకుండా చిన్న వేపపుల్ల పెట్టుకుంది. ఎవరైనా పలకరిస్తే కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది.

ఇంజన్ పనయింది. రంగు పడింది. అన్నీ బిగిస్తుంటే కార్బురేటర్‌లో ఉండాల్సిన జెట్ లేదు... గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సన్నటి చిల్లు. అది లేకపోతే ఇంజన్‌కు పెట్రోలు అందదు. మూట తీసి చూస్తే ముడి వదులైపోయి ఉంది. డబ్బాలోని బియ్యమంతా దుప్పటి మీద కుమ్మరించి వెతికాం. లేదు. ఆ మోడల్ సామాన్లు ఇప్పుడు రావడం లేదని, కార్బురేటర్ మొత్తం మార్చాల్సిందేనని మెకానిక్ చెప్పాడు. తాకట్టు పెట్టడానికి ఇంట్లో ఇంకేం లేదు.

నాన్న మెట్ల మీద కూలబడ్డారు. "ఇగ నాతోని కాదు."

"ఇంత చేసి ఇప్పుడు ఇడిసిపెడ్తరా?" అంది అమ్మ. "యాడికి పోతది... దొరుకుతది." అన్నదే గానీ, ఆ రాత్రి తను కూడా సరిగ్గా తినలేదు.

వెనక వాటాలో అంజమ్మత్త ఉండేది. పాలమూరు వైపు నుంచి వచ్చి, బషీర్‌బాగ్‌లో కడుతున్న బిల్డింగ్‌లో కూలికి వెళ్ళేది. నెలాఖరులో మాకు బియ్యం నిండుకుంటే సోలెడు బదులిచ్చేది. మాకు రాగానే అమ్మ సోలెడు కొలిచి, పైన పిడికెడు వేసి తిరిగి ఇచ్చేది.

మర్నాడు పొద్దున్నే, పనికి వెళ్ళాల్సిన వేళ, అంజమ్మత్త మా ఇంటికి వచ్చింది. అమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళింది. జడ వేయించుకుంటున్న నేను దువ్వెనతో సహా వెనకే వెళ్ళాను.

"అక్కా, నీ ముక్కుపుడక పోయిందని నాకెరుకనే. యాపపుల్ల పెట్టుకొని తిరుగుతున్నవ్, చూస్తలేనా? అన్న కోపం చేస్తడని దాస్తున్నవనుకున్న..." అంటూ కొంగు ముడి విప్పింది. "నువ్వు నాకు పోసిన బియ్యంలనే ఉండె. చాటల చెరుగుతుంటే తళుక్కుమన్నది. పట్టు!"

అరచేతిలో జెట్!

అమ్మ దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది... నవ్వుతూనే ఏడ్చేసింది. "జర ఇటు రాండ్రి!" అని నాన్నను కేకేసింది.

అంజమ్మత్త బిత్తరపోయింది. "అయ్యో... బంగారం కాదా అక్కా?"

అమ్మ ఆమెను గట్టిగా పట్టుకుంది. "బంగారమే చెల్లె... బంగారమే."

బంగారమనుకున్న అంజమ్మత్త దాన్ని అమ్ముకుని ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. ఆలస్యమైతే మేస్త్రీ సగం కూలి కోస్తాడని తెలిసి కూడా ఆగి ఇచ్చింది. ఈ వయసులో తలుచుకున్నా నా కళ్ళు తడుస్తాయి.

నాన్న జెట్ బిగించారు. బండిని పక్కకు వంచి, లేపి, కిక్కు కొట్టారు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ వంచారు, మళ్ళీ కొట్టారు... భగ్గుమని ఇంత పొగ! సందంతా దగ్గింది. అందరం దగ్గుతూనే చప్పట్లు కొట్టాం.

నేనూ చెల్లీ ముందు నేనంటే నేనని ఎగబడ్డాం. నాన్న మమ్మల్ని పక్కకు జరిపి, అంజమ్మత్తతో "ఎక్కు చెల్లె. బషీర్‌బాగ్‌ల దించుత" అన్నారు.

అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది అంజమ్మత్త. మా బండి మొదటి సవారీ ఆమెదే.

కార్తీకానికి కార్డుల పని వచ్చింది. పెళ్లిళ్ళ సీజన్ అయ్యేసరికి అమ్మ ముక్కుపుడక కూడా ఇంటికొచ్చింది.

ఆ స్కూటర్ ఇప్పుడు అశోక్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. ఈ మధ్య ఇంజన్ మళ్ళీ మొరాయించింది. నాకేమో ఉద్యోగం పోయింది. అమ్మేద్దామని ఫోటోలు కూడా తీశాను. తీస్తుంటే ఇదంతా గుర్తొచ్చింది... ఆ ఫోటోలే ఇక్కడ పెడుతున్నాను, అమ్మకానికి మాత్రం కాదు. నెలకు ఒక్క సామాను కొన్నా సరే, నడిపిస్తాను.

ఇప్పుడు బియ్యం నిండుకుంటే ఫోన్‌లో నొక్కితే చాలు, పది నిమిషాల్లో గుమ్మం ముందుంటాయి. ఎవరినీ సోలెడు అడగక్కర్లేదు... కానీ మన ముక్కు బోసిగా ఉందని గమనించే మనిషి మాత్రం ఆ సంచీలో రాదు కదా.

మీ వాటా పక్కన కూడా ఒక అంజమ్మత్త ఉండే ఉంటుంది... ఆమె గురించి కింద ఒక్క ముక్క రాయండి. చదవాలని ఉంది.