కాఫీపొడి రంగు వైరు

పేటలో అందరూ ఆయన్ను వైర్ల మేస్త్రి అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా కార్ల వైరింగు తప్ప మరో పని ఎరగడు. యాభై రెండో ఏట ఆయన్ను ఒక భయం పట్టుకుంది. వైర్ల రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వాళ్ళ నాన్నకు సరిగ్గా ఆ వయసులోనే చూపు మందగించి, మూడేళ్ళు తిరక్కుండా పూర్తిగా పోయింది. గోడ తడుముకుంటూ నడిచే నాన్న మేస్త్రికి తరచూ గుర్తొచ్చేవాడు. డాక్టరు నోట అదే మాట వినాల్సి వస్తుందని ఆసుపత్రి వైపు వెళ్ళలేదు. భార్యకు కూడా చెప్పలేదు.

కిందటేడు ఒక టాక్సీలో తప్పు వైరు కలిపి పొగ తెప్పించాడు. ఎలుకలు కొరికాయని అబద్ధమాడి అప్పటికి గట్టెక్కాడు.

అలా బిక్కుబిక్కుమంటూ పని చేసుకుంటున్న రోజుల్లో, రిటైరైన ఒక హెడ్మాస్టరమ్మ కబురు పెట్టింది. ఆవిడ తమ్ముడు ముచ్చటపడి దాచుకున్న పాత స్పోర్ట్స్ కారు ఆవిడ షెడ్డులో ఉంది. రెండే సీట్లు, నేలకు ఆనినట్టుండే ఒళ్ళు. కంపెనీవాళ్ళే బిగించి పంపిన దొంగల అలారం అందులో ఉంది. తలుపు తాళంచెవితో తీస్తే ఊరుకోవాలి. ఇప్పుడు ఎలా తీసినా అరుస్తోంది. పైగా ఇంజనుకు కరెంటు ఆపేస్తోంది.

"బ్యాటరీ వైరు పీకేస్తే గానీ నోరు మూయడం లేదు మేస్త్రిగారూ. మళ్ళీ తగిలిస్తే ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంటోంది" అందావిడ. "ఇక్కడివాళ్ళంతా నన్నే దొంగలా చూస్తున్నారు."

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

డాష్‌బోర్డు కింద తల దూర్చి అలారం డబ్బా పట్టుకున్నాడు. అలాంటి డబ్బా ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. బ్యాటరీ తగిలించగానే హారను చెవులు చిల్లులు పడేలా మొదలైంది. తలుపు వైపు నుంచి రెండు సన్నని వైర్లు వస్తున్నాయి. తాళం తీసిన సంగతి డబ్బాకు చెప్పేది ఒకటి. దాన్ని కారు ఇనుముకు ఆనిస్తే అలారం ఆగాలి. రెండోదాన్ని ఆనిస్తే డబ్బా కాలిపోతుంది. మీటరు రెండింటిలోనూ ఒకే అంకె చూపిస్తోంది. తేడా అంతా రంగులోనే ఉంది. తాళం సంగతి చెప్పేది గోధుమరంగు, రెండోది ఊదారంగు అని ఆయనకు తెలుసు. కళ్ళకు మాత్రం రెండూ ఒకే మురికిరంగులో కనిపిస్తున్నాయి.

టార్చి దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. చెమట కళ్ళలోకి దిగింది. ఒకసారి ఇనుము దాకా తీసుకెళ్ళి, ముక్కుకు కాలిన వాసన తగిలినట్టనిపించి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బయటికి వచ్చి బ్యాటరీ వైరు తీసేశాడు. హారను ఆగింది.

గేటు దగ్గరికి వెళ్ళి భార్యకు ఫోను చేశాడు. ఆమె దర్జీ. రెండు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది.

"ఒకసారి ఇక్కడికి రాగలవా?"

"ఏమైందండీ? గొంతు అలా ఉందేం?"

"నాకు రంగులు తెలియడం లేదు."

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది. "ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటింది."

పది నిమిషాల్లో ఆమె మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. హెడ్మాస్టరమ్మ వింతగా చూస్తుంటే పట్టించుకోకుండా కారులో దూరి, మళ్ళీ డాష్‌బోర్డు కింద ఇందాకటి వైరే పట్టుకుని ఉన్న ఆయన పక్కన ఒదిగి వంగింది.

"ఇది కాఫీపొడి రంగు. అది వంకాయ రంగు. మీరు పట్టుకున్నది వంకాయ రంగుదండీ."

ఆయన చప్పున వదిలేశాడు. ఇందాక ఇనుము దాకా తీసుకెళ్ళింది ఆ వైరునే.

"సరిగ్గా చూశావా?"

"నా పని దారాలతోనేగా. కావాలంటే టార్చి వేసి ఇంకోసారి చూస్తాను."

మళ్ళీ చూసి అదే మాట చెప్పింది. ఆయన బ్యాటరీ తగిలించి, హారను అరుస్తుండగా, కళ్ళు గట్టిగా మూసుకుని కాఫీపొడి రంగు వైరును ఇనుముకు ఆనించాడు. అరుపు టక్కున ఆగిపోయింది. డబ్బా బాగానే ఉందన్నమాట, లోపం వైరులోనే. తర్వాతి పని వేళ్ళే చేశాయి. తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలో వైరును నొక్కుతూ పోతే ఒకచోట మెత్తగా తగిలింది. ఏళ్ళ తరబడి తలుపు తీసి వేయడంతో పైతొడుగు నిలిచి, లోపలి రాగి తెగిపోయింది. కొత్త ముక్క అతికి, తాళంచెవి తిప్పితే అలారం కిక్కురుమనలేదు. ఇంజను అందుకుంది.

హెడ్మాస్టరమ్మ అంతా గమనించింది. "మేస్త్రిగారూ, రేపు మీరు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే, ఎల్లుండి నేనే వచ్చి తీసుకెళ్తాను" అంది.

దారిలో భార్య, "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెబితే నిజమైపోతుందని."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆయన సంచీ తాను అందుకుంది.

మర్నాడు డాక్టరు చాలాసేపు చూశాడు. రంగుల్ని మింగేసింది శుక్లాలేనట, ఆపరేషన్‌తో పోతాయట. అయితే ఎడమకంట్లో నాన్న చూపు తీసిన నీటికాసుల జబ్బు కూడా మొదలైంది. ఇప్పుడే వచ్చారు కాబట్టి చుక్కలతో నిలపవచ్చు, పోయిన కాస్త చూపు మాత్రం తిరిగి రాదు అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక మేస్త్రి ఆ టాక్సీ అతని దగ్గరికి వెళ్ళి ఎలుకల సంగతి అబద్ధమని ఒప్పుకున్నాడు. పని మానలేదు. చుక్కలు రోజూ వేసుకుంటాడు. ఆరు నెలలకోసారి కంటి పరీక్ష ఉంటుంది. ముందు రోజు ఆయనకు ముద్ద దిగదు. అయినా భార్యను వెంటబెట్టుకుని వెళ్తాడు.