తొమ్మిది గరుడ పక్షులు, సున్నా కప్పలు

2022 వానాకాలం. ఐరాల దగ్గర మునిరత్నం అనే రైతు వరిమళ్ళలో నేను ట్రాన్సెక్ట్ చేస్తున్నాను. అంటే రోజూ ఒకే గట్టు మీద, ఒకే వేగంతో నడుస్తూ కనబడిన, వినబడిన జీవాలను లెక్కపెట్టడం. నేను చదివింది పదో తరగతి వరకే. ఈ లెక్క పద్ధతులన్నీ సొంతంగా నేర్చుకున్నవి. ఒక కాలేజీవాళ్ళు నాకు రెండు గడులు గీసి ఇచ్చారు: కప్పలు, గరుడ పక్షులు. తిండి పెరిగితే వేటాడే పక్షి కూడా పెరుగుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న.

రోజూ నలభైకి తగ్గకుండా కప్పలు, ఒకటో రెండో గరుడ పక్షులు లెక్కకు వచ్చేవి. ఆ ఉదయం తొమ్మిది గరుడ పక్షులు గట్టు మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. తెల్లటి తలలు, ఎర్రటి రెక్కలు. ఒక్కటీ అరవలేదు. ముందురోజు సాయంత్రం వాన పడినా మళ్ళలో కప్ప అరుపు లేదు. నా చెప్పుల చప్పుడే నాకు పెద్దగా వినిపించింది.

మునిరత్నం లెంపలు వేసుకున్నాడు. "సూసినావా అబ్బా! ఒగ గరుడుడు కనపడితేనే పుణ్యం. నాకు తొమ్మిది మంది వచ్చినారు."

"నీ చేను కూడా తిరుమల కొండే అనుకున్నాయేమోలే" అన్నాను. సున్నా, తొమ్మిది అని రాసుకుని ముందుకు నడిచాను.

చివరి పక్షికి రెండు మూరల దూరంలోకి వెళ్ళినా అది ఎగరలేదు. నన్నే చూస్తూ తల మెల్లగా ఒక పక్కకు వాల్చింది. దాని కాలి కింద వెల్లకిలా ఒక కప్ప. మడిలోకి చూశాను. నీళ్ళ మీద తెల్లటి పొట్టలు, బావి దాకా.

కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. నీటిలో ఏముంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. గరుడ పక్షికి అది తర్వాత, తిన్న కప్పతో చేరుతుంది.

బావి దగ్గర మునిరత్నం భార్య ధనమ్మ బిందె నింపి, తాగడానికి చెంబు ముంచింది.

"తాగొద్దమ్మా! ఆ నీళ్ళలో విషం ఉంది" అని అరిచాను.

"గరుడుడు దిగిన సోట విషమా?" మునిరత్నం నన్ను కసిరాడు. "నీ లెక్క రాసుకోని పోబ్బా."

ధనమ్మ చెంబు దించి భర్త వైపు చూసింది. "నిన్న మందు డ్రమ్ము యాడ కడిగినావు?"

అతను బావి గట్టు వైపు చూశాడు. ఆమె బిందె వంచేసింది.

కడిగింది బావి గట్టునే. వాన ఆ పురుగుమందును బావిలోకీ, మళ్ళలోకీ ఈడ్చింది.

గరుడ పక్షి తిండి ఎక్కడ ఉందో చెబుతుంది. కప్ప నీళ్ళు ఎలా ఉన్నాయో చెబుతుంది. నేను రెంటినీ పక్కపక్కనే రాసి కూడా పోల్చి చూడలేదు. ఇప్పుడు సున్నా వస్తే అక్కడే నిలబడిపోతాను. ఆ రోజు ధనమ్మ చెంబు ఎత్తి తాగేసినా, నా పుస్తకంలో అంకెలు అంతే సరిగ్గా ఉండేవి.